ఆ ముక్క ఎవరిది?

ఊరి పెద్ద హాజీ నహార్ కాఫీ కప్పు అందుకున్నాడు గానీ తాగలేదు. పెదాలకు ఆనించకుండానే కింద పెట్టేశాడు. ఆయన వెంట వచ్చిన పదకొండుమంది పెద్దమనుషులూ అలాగే పెట్టేశారు.

అడిగింది ఇస్తానని ఇంటాయన మాటిచ్చేదాకా వచ్చినవాళ్ళు కాఫీ ముట్టరు. ముట్టకుండా లేచిపోయారంటే ఆ ఇంటి పరువు ఇర్బిద్ పట్నం సంత దాకా పోతుంది. అది తెలియనివాళ్ళు ఆ ఊళ్ళో లేరు. తెలియనిదల్లా వీళ్ళు ఎవరి తరఫున వచ్చారన్నదే.

మూడు రోజుల కింద, తూర్పున ఉన్న దేశం పడమట ఉన్న దేశం మీదికి వదిలిన డ్రోను ఒకటి మన ఆకాశంలో పేలింది. దాని ముక్క జైదాన్ వంటింటి మీద పడింది. స్లాబు కూలి అతని భార్య ఫిద్దా కాలు రెండు చోట్ల విరిగింది. కొట్టుకునేది వాళ్ళూ, కాళ్ళు విరిగేది మనకీనా అని ఊరంతా తిట్టుకుంది. జైదాన్ తిట్టి ఊరుకునే రకం కాదు. ఇంటిముందు గుడారం వేయించి, కాఫీ కాయించి కూర్చున్నాడు. దెబ్బ కొట్టినవాడి తరఫు మనుషులు మూడు రోజుల్లోగా వచ్చి తప్పు ఒప్పుకోవాలి. తాతలనాటి పద్ధతి అది. ఎవరైతే నాకేం, రావలసిందే అన్నాడు.

ఊరు నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది కిరాణా కొట్టు అవ్వాద్. ఏ రాజధాని నుంచి దిగుతున్నారు జైదాన్, వాళ్ళు కూడా పైనుంచే ఊడిపడతారా అని కొట్టు ముందు పదిమందిలో అడిగాడు. ముక్కను తీసుకుపోవడానికి వచ్చిన ప్రభుత్వం వాళ్ళను కూడా జైదాన్ వాకిట్లోనే ఆపేశాడు. ఇది ఎవరిదో తేలాకే కదిలేది అని తిప్పి పంపాడు. ఆస్పత్రిలో ఫిద్దా దగ్గర కూతురు ఉంది. కొడుక్కి సైన్యంలో సెలవు దొరకలేదు. జైదాన్‌కు కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు, నిలబడితే నిలబడబుద్ధి కాలేదు. ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను ఆకాశం మీద పెట్టి మూడు రోజులూ తిరుగుతూనే ఉన్నాడు. గడువు ఇంకో గంటలో తీరుతుందనగా ఈ పన్నెండుమంది దిగారు. వాళ్ళలో అవ్వాద్ కూడా ఉన్నాడు.

"మేం తప్పు ఒప్పుకోవడానికే వచ్చాం జైదానూ" అన్నాడు హాజీ నహార్. "ఆ డ్రోను దానంతటది పడలేదు. సరిహద్దు దాటి లోపలికొచ్చిందని మనవాళ్ళే కూల్చారు. పేల్చింది మన ఊరి కుర్రాడు. బయట పొలాల్లో పడుతుందనుకున్నాడు పాపం. ఫోన్లో ఒకటే ఏడుపు."

"పేరు చెప్పు."

"ముందు క్షమించానను. కాఫీ తాగి చెప్తాను."

ఆ ఊళ్ళో సగం ఇళ్ళనుంచి సైన్యంలో చేరినవాళ్ళున్నారు. జైదాన్ ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వచ్చాడు. అవ్వాద్ తల దించుకుని చాప పీచు గిల్లుతున్నాడు. అతని పెద్దకొడుకు ఉన్నది ఫిరంగుల దళంలోనే. జైదాన్‌కు అంతా అర్థమైపోయింది. మూడు రోజుల నవ్వులూ ఒక్కసారి చెవుల్లో మోగాయి.

క్షమిస్తాను గానీ ఒక షరతు అన్నాడు. ఆ కుర్రాడూ, వాడి తండ్రీ ఏడాదిపాటు ఊరు విడిచి పోవాలి.

గుడారం అదిరిపోయింది. ఊళ్ళోంచి వెళ్ళగొట్టడం హత్యలకు వేసే శిక్ష, కాలు విరిగినదానికి ఎక్కడైనా ఉందా అని పెద్దలు తలోమాటా అన్నారు. కుర్రాడు చేసింది ఉద్యోగమే కదా అన్నాడొకడు. జైదాన్ వినలేదు. నా భార్య మంచంలో ఉంటే వాడి తండ్రి నా కళ్ళముందు దర్జాగా తిరుగుతాడా అన్నాడు.

అంతలో సైరన్ మోగింది. అందరి తలలూ ఒక్కసారే పైకి లేచాయి. కొండల అవతల ఏదో దడదడమంటూ పోతోంది. లోపలికి వెళ్ళాలి. కానీ కప్పులు నిండుగానే ఉన్నాయి, ఎవరూ లేవలేదు.

"ఆ ఒక్కటీ అడక్కు జైదానూ" అన్నాడు హాజీ నహార్. "నా వయసుకైనా విలువివ్వు. ఇంకేదైనా అడుగు."

"నాకు అదే కావాలి."

"తండ్రేం చేశాడయ్యా?"

"ఇలాంటి కొడుకుని కన్నాడు" అన్నాడు జైదాన్, అవ్వాద్ వైపే చూస్తూ. "మాట తప్పకుండా పంపిస్తానని నువ్వు పూచీ ఉండు హాజీ. అప్పుడే తాగు."

దూరంగా ఢాం అని వినిపించింది. గుడారం గుడ్డ అల్లాడింది. గడువు దగ్గరపడుతోంది. సంధి కుదరకుండా పొద్దు గూకితే ఆ కుర్రాడికి ఇక క్షమ లేదు. ముసలాయన తన వాళ్ళ వైపు చూశాడు.

"పూచీ నాది. రేపు పొద్దుటికి ఆ తండ్రి ఊరు దాటతాడు" అని, చల్లారిన కాఫీ గుటుక్కున మింగాడు. మిగతా పదకొండుమందీ మింగారు.

జైదాన్ మూడు రోజుల్లో మొదటిసారి కుదురుగా చతికిలబడ్డాడు. కడుపులో మంట చల్లారినట్టయింది. ఇక మొహమాటం దేనికి, ఆ పేరేదో నలుగురి ముందూ చెప్పెయ్యి హాజీ అన్నాడు.

"మీ సత్తామే. నీ కొడుకు" అన్నాడు హాజీ నహార్, తల ఎత్తకుండా. "సామాను సర్దుకో జైదానూ, పొద్దున్నే బండి పంపిస్తాను."