వసితి వదిన కాపలా

లైసానీ ఎడమ చేత్తో టీ కెటిల్ ఎత్తింది.

ఎత్తిందో లేదో, వసితి వదిన ఎక్కణ్ణించి ఊడిపడిందో, వచ్చి లాగేసుకుంది.

"రాణీగారు కూర్చోవచ్చు. టీ నేను పోస్తాను."

లైసానీకి రాజధాని సూవాలో కేన్సర్ ఆపరేషనై ఎనిమిది నెలలు. ఎడమ రొమ్ముతో పాటు ఆ చంకలోని గ్రంథులు కూడా కొన్ని తీశారు. ఆ చెయ్యి ఎప్పుడైనా వాచవచ్చు, జాగ్రత్తగా ఉండమన్నారు.

ఆ ‘జాగ్రత్త’ అన్న ముక్క ఒక్కటీ పట్టుకుంది వసితి.

అప్పట్నించి లైసానీని కర్రపెండలం చెక్కు తీయనివ్వలేదు. నీళ్లు మొయ్యనివ్వలేదు. చర్చిలో పాటల పుస్తకం కూడా తనే పట్టుకుని పేజీలు తిప్పేది.

మేనత్త కూతురు. ఆపైన అన్న భార్య. కాదనే ధైర్యం ఊళ్లో ఎవరికుంది?

ఆడవాళ్లు వల తీసుకుని సముద్రంలోకి దిగుతుంటే లైసానీ గడపలో కూర్చుని చూసేది. ఇరవయ్యేళ్లు వల చివరి కర్ర ఆమెదే.

నెలకోసారి వచ్చే నర్సు తోరికా టేపుతో రెండు చేతులూ కొలిచింది. రక్తపోటు పట్టీ కుడి చేతికే చుట్టింది.

"వాపు లేదు. కానీ భుజం బిగుసుకుపోయింది. ఈ చేతిని వాడటం లేదా?"

"మా వదిన వాడనివ్వదు."

"మీ వదిన డాక్టరా?"

"కాదమ్మా. డాక్టరైతే అప్పుడప్పుడైనా సెలవు పెట్టేది."

నర్సు నవ్వింది. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పింది. వాపు రావచ్చు, రాకపోవచ్చు. ఏళ్లు గడిచాకైనా రావచ్చు. అలాగని చేతిని దాచిపెట్టకూడదు. పని మెల్లమెల్లగా పెంచాలి. బరువనిపిస్తే ఆగాలి. గీరుకుంటే వెంటనే సబ్బుతో కడగాలి. ఎర్రబడినా, జ్వరమొచ్చినా ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

"వల లాగొచ్చా?"

"ఇవాళ కాదు. ముందు ఒక కొబ్బరికాయ ఎత్తు."

ఎత్తింది. వసితి పాటల సాధనకి వెళ్లినప్పుడల్లా, ఇంటి వెనక.

మొదటి వారం ఒక కాయ. నాలుగో వారానికి రెండు. తొమ్మిదో వారానికి ముప్పాతిక బకెట్టు నీళ్లు.

పెరట్లో కాయలు వాటంతటవే చోటు మారుతున్నాయని వసితి పాస్టరుగారితో ప్రార్థన కూడా చేయించింది.

పదో వారం శనివారం, ఆటుకి సముద్రం వెనక్కి తియ్యడం మొదలవగానే లైసానీ ఒడ్డుకి వచ్చింది. పొడుగు చేతుల చొక్కా, మోచేతుల దాకా పసుపుపచ్చ రబ్బరు తొడుగులు.

"ఎవరింట్లో గిన్నెలు తోమాలమ్మా?" అంది ముసలి సేయినీ.

అందరూ నవ్వారు. వసితి నవ్వలేదు. వల కర్రని వెనక్కి దాచుకుంది.

"ఇంటికి పోవే."

"పోను వదినా. నర్సు సరేనంది. పది వారాల్నించి కొబ్బరికాయలెత్తుతున్నాను."

"అయితే దయ్యం కాదన్నమాట."

మళ్లీ నవ్వులు. అవి తగ్గేదాకా ఆగి, వసితి గొంతు దించి అడిగింది.

"మా అమ్మ చెయ్యి గుర్తుందా నీకు?"

గుర్తుంది. ఇదే ఆపరేషనయ్యాక మేనత్త చెయ్యి వాచిపోయి అరటి బోదెలా ఉండేది. ఆదివారం గౌను చేతి కుట్టు విప్పి, గుడ్డముక్క అతికి, మళ్లీ కుట్టింది పదేళ్ల వసితే. కొన్నాళ్లకి అదీ చాలక మళ్లీ విప్పేది.

"అత్తకి ఎవరూ ఏమీ చెప్పలేదు వదినా. నాకు చెప్పారు."

వసితి కర్రని ముందుకి తెచ్చింది కానీ చేతిలోంచి వదల్లేదు.

"నువ్వు ఆపమన్నప్పుడల్లా ఆపుతాను, సరేనా?"

ఆ మాట ఇవ్వకుండా ఉండాల్సింది.

ఒకే కర్రని ఇద్దరూ పట్టుకున్నారు. రెండడుగులు వేశారో లేదో వసితి "ఆపు" అంది. మరో రెండడుగులకి మళ్లీ "ఆపు". ఆమె అన్నప్పుడల్లా వలంతా ఆగింది. పన్నెండు మంది ఆడవాళ్లూ నడుం లోతు నీళ్లలో ఆగారు.

చేపలు మాత్రం ఆగలేదు.

"దాన్ని ఇంటికి పంపించెయ్యండే," అంది సేయినీ.

"లైసానీనా?" అన్నారెవరో.

"అదేం చేసింది పాపం? వసితిని."

మూడోసారి వల తిప్పుతుండగా లైసానీ చెయ్యి బరువెక్కింది. ఎవరూ చెప్పకుండానే కర్ర వదిలేసింది. నడుచుకుంటూ పోయి ఒడ్డునున్న రాయి మీద కూర్చుని, తొడుగు తీసి, బరువు దిగేలా చేతిని పైకెత్తి కాసేపు తల మీద పెట్టుకుంది.

వసితి చూసింది.

ఇక ఆ పూట "ఆపు" అన్న మాట ఆమె నోట రాలేదు. కాసేపటికి లైసానీ తిరిగొచ్చి కర్ర అందుకుంటే, కొంచెం జరిగి చోటిచ్చింది.

ఈసారి కానాగంత చేపలు వల నిండా పడ్డాయి. సేయినీ వాటిని బుట్టలోకి దులుపుతూ, ప్రార్థన కొబ్బరికాయల మీద పనిచెయ్యలేదు కానీ చేపల మీద పనిచేసిందంది.

సాయంత్రం లైసానీ చెయ్యి పొద్దుటిలాగే ఉంది. పట్టేసింది వసితి నడుమే.

మూలుగుతూ చాప మీద బోర్లా పడుకుంది. లైసానీ కొబ్బరి నూనె పోసి, కుడి చేత్తో వీపు రుద్దడం మొదలుపెట్టింది.

"నీ రెండో చెయ్యి ఎక్కడికి పోయిందే?" అంది వసితి.