రాయిలో దాక్కున్న పీత

పసుపు చేప కూడా కనబడలేదు.

కోడలు అక్వేరియం అద్దానికి ముఖం ఆనించి పగడాల వెనకా, పంపు వెనకా వెతికింది. నీలం చేప ఉంది. నారింజ చారల చేప ఉంది. అంతే.

"ముల్లు కూడా మిగల్లేదేమ్మా?" అంది అత్తగారు.

"తొట్టెలో పురుగులు తినేసుంటాయి, అత్తయ్యా."

"చెప్పాగా, కొత్తగా కొన్న సముద్రపు రాయిలో పీత దాక్కుని వచ్చిందని" అన్నాడు భర్త, బూట్లు తొడుక్కుంటూ. "దాని పనే. పట్టడం మన వల్ల కాదు."

అతను వెళ్ళిపోయాడు.

"వాడి వల్ల కాదేమో! పదవే, మనం పట్టుకుందాం" అంది అత్తగారు. "సాయంత్రమయ్యేసరికి వాడు ఇల్లు చేరేది ఈ చేపల కోసమే. ఈ రెండూ పోతే ఇంటి ముఖం చూడడు."

కోడలు బకెట్ నీళ్ళలో ఉప్పు బాగా ఎక్కువ కలిపి, రాయిని అందులో ముంచింది. ఆ ఉప్పు తట్టుకోలేక లోపల దాక్కున్నవి ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఒళ్ళంతా సన్నముళ్ళున్న పురుగులు. దారాల్లాంటి కాళ్ళతో పాకే నక్షత్రంలాంటి జీవి.

"రాయొక్కటే కొన్నాడు. సంసారం మొత్తం దిగిపోయిందే!" అత్తగారు పగలబడి నవ్వింది.

కోడలు పట్టకారుతో పురుగుల్ని ఏరుతూ ఉండిపోయింది.

చివరికి పీత వచ్చింది. నిమ్మకాయంత ఉంది. కోడలు దాన్ని గాజు సీసాలో వేసి భూతద్దంతో చూసింది. చేపల్ని పట్టే పీతల ముందుకాళ్ళు సూదిగా ఉంటాయి. దీనివి చెంచాల్లా మొద్దుగా ఉన్నాయి.

"ఇది పాచి తినే రకం అత్తయ్యా. చేపల జోలికి పోదు."

"మరి దొంగెక్కడ?"

"ఏమో."

"అయితే ఆ రెండిటినీ వేరే తొట్టెలోకి మార్చెయ్."

"వద్దు."

"మతిపోయిందా నీకు?"

కోడలు రాయినీ పీతనీ మళ్ళీ అక్వేరియంలో పెట్టేసింది.

సాయంత్రం భర్త వస్తూనే అడిగాడు. "దొరికిందా?"

"లేదండీ. మీరన్నట్టు మన వల్ల కాదు."

అత్తగారు నోరు తెరిచింది. కోడలు ఆమె చెయ్యి గట్టిగా నొక్కింది.

"నే చెప్పలా!" అన్నాడతను. ముఖం తేటపడింది.

వారం తిరక్కుండా నీలం చేప పోయింది.

అంత పెద్ద అక్వేరియంలో ఒంటరిగా తిరుగుతున్న నారింజ చారల చేపకు కోడలు మేత వేస్తోంది. అత్తగారు కళ్ళు తుడుచుకుంది.

"దొంగెవరో తెలుసుకోవాలని కూడా లేదా నీకు?"

కోడలు మేత డబ్బా మూత బిగించింది. మొదట పోయిన చేపలు రెండు వీధుల అవతల ఒకామె ఇంట్లో, కొత్త అక్వేరియంలో తిరుగుతుంటే, ఆమె పక్కన నిలబడి వాటికి మేత వేస్తున్న భర్తను కోడలు ఎప్పుడో ఆ ఇంటి కిటికీలోంచి చూసి వచ్చింది.