పొడిబాబు పందెం

“ఒక్క పురుగు! ఒక్కటంటే ఒక్కటి చూపించండి,” అన్నారు పక్కింటి మాస్టారు, డబ్బాలోని బొబ్బర్లను చేటలోకి ఒంపుతూ. గింజలతో పాటు ఎండిన వేపాకులు గలగలా రాలాయి.

పొడిబాబు చేటంతా వేలితో కెలికాడు. ఒక్క గింజకైనా చిల్లు లేదు.

అతనికి పురుగుమందుల కొట్టుంది. గింజల్లో కలిపే అతని పొడి మూడేళ్ళలో ఎంత పేరు తెచ్చుకుందంటే, అసలు పేరు మరిచిపోయి అంతా పొడిబాబు అనే పిలుస్తారు. అలాంటి పొడి దండగ, ఆకు చాలన్నారు మాస్టారు. రోషం వచ్చి పందెం కట్టాడు. ఒక డబ్బాలో ఆకు, ఒకదాంట్లో పొడి, ఆరు నెలలు. ఆకులో పురుగు పట్టకపోతే కొట్టు బోర్డు దించేస్తానని నలుగురిలో నోరు జారాడు.

రెండో డబ్బా తీశారు. ఆకుపచ్చటి పొడి అంటిన గింజలు నిగనిగలాడుతున్నాయి.

“ఉత్త ఆకుతో అయ్యే పని కాదిది. నా పొడి కలిపారు మీరు!”

“మీ కొట్టు గడపే తొక్కనివాణ్ణి. నాకెవరిస్తారండీ పొడి?”

ఆ ప్రశ్న పొడిబాబుని ఇంటిదాకా తరుముకుంటూ వచ్చింది. ఎవరిస్తారు? పొడి డ్రమ్ములుండేది పెరటి గదిలో. ప్యాకెట్లు నింపేది భార్య. మధ్యాహ్నాలు గడ్డకట్టిన పొడి దంచుతున్నానంటుంది. పెరట్లో వేపచెట్టుకు చేతికందే కొమ్మల్లో ఆకన్నదే లేదు. అంటే ఆకూ తనే ఇచ్చింది, పొడీ తనే ఇచ్చింది! కొట్టు పెట్టిన కొత్తలో, “తినే గింజల్లో ఈ విషమేంటండీ?” అన్నందుకు ఆవిణ్ణి తిట్టిపోశాడు. ఆ కసి ఇప్పుడిలా తీర్చుకుంటోందన్నమాట.

“గది తాళం ఇలా ఇవ్వు.”

“ఎందుకండీ? ఆ దుమ్ముకి మీకు దగ్గొస్తుంది.”

“మూడేళ్ళుగా ఇదే పాట! నువ్వు అన్నయ్యగారూ అని పిలిచే ఆ మాస్టారికి ఎంత పోసిచ్చావు?”

“ఒట్టండీ, మాస్టారికి చిటికెడు కూడా ఇవ్వలేదు.”

“డ్రమ్ములు చూస్తే అదే తేలుతుంది.”

ఆవిడ మొహం పాలిపోయింది. తాళంచెవి అతని చేతిలో పెట్టింది.

పొడిబాబు ముక్కుకు గుడ్డ కట్టుకుని లోపలికి వెళ్ళాడు. కొట్టు పెట్టిన రోజు కంపెనీ నుంచి దింపించిన ఆరు డ్రమ్ములూ గోడవారగా ఉన్నాయి. ఏది ఎంత తగ్గిందో చూద్దామని మొదటిదాని మూత మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. రెండోది చూశాడు. ఆదరాబాదరా మిగతావీ తడిమాడు.

ఒక్కదానికీ సీలు తీయలేదు.