గుర్తు లేని సీసా

గన్నవరం దగ్గరి నాచు ల్యాబులో రాత్రి డ్యూటీ సుధామణి ఒక్కతిదే. అక్కడ నాచుకు కొత్త జన్యువు ఎక్కించేటప్పుడు, నాచును చంపే మందును తట్టుకునే గుర్తు జన్యువు కూడా తోడు పెడతారు. మందు నీళ్లలో ఆ గుర్తున్న నాచే బతుకుతుంది. పోల్చి చూడ్డానికి పెట్టిన గుర్తు లేని సీసా మూడు రోజుల్లో తెల్లబడాలి. ఆరో రాత్రి కూడా అది పచ్చగానే ఉంది.

ఆమె సైంటిస్టు ఆరోన్‌కు ఫోన్ చేసింది.

"గుర్తు లేంది చావలేదు బాబూ."

"సీసాలు మార్చేసుంటారు ఆంటీ. బ్లీచింగులో పోసెయ్యండి. పొద్దున్న మేడమ్ చూస్తే మనిద్దరి ఉద్యోగాలూ గోవిందా!"

ఆమె బ్లీచింగు బకెట్ మూత తీసింది. బల్ల మీది సీసాకు ఎడమపక్క ఆమె పెట్టిన టార్చి వెలుగుతోంది. నాచు వెలుగు వైపే ఈదుతుందని ఆమెకు తెలుసు. కానీ పచ్చదనమంతా కుడిపక్క, ఆమె నిల్చున్న వైపే చేరింది. ఆమె బల్ల వెనక్కి వెళ్లింది. ఏసీ హోరు తప్ప చప్పుడు లేదు. పచ్చదనం గాజు వెంబడి మెల్లగా జరిగి, ఆమెకెదురుగా వచ్చి ఆగింది.

"ఎవరమ్మా నువ్వు?"

భర్త పోయాక ఆమె కోసం ఇలా తిరిగి చూసినవాళ్లు లేరు.

ఏ సీసా పారబోసినా కృష్ణార్పణం అనుకోవడం ఆమె అలవాటు. సీసాను బకెట్ మీదికి వంచింది. ఆ మాట నోటికి రాక, ఒక్క చుక్కా పడకముందే ఆగింది. అంత చలిగదిలోనూ చేతికింద గాజు ఒంటిలా వెచ్చగా ఉంది.