గోడ దాటిన రిమోట్

హాల్లో మా నాయన చెన్నప్ప చూస్తున్న భజన మాయమై, టీవీలో కబడ్డీ మొదలైంది.

మామ ఎదుట కూర్చోలేక నా భార్య ఉషారాణి వంటింట్లో చిన్న టీవీ చూస్తుంది. అందులో వచ్చేదీ నాయన పెట్టిన ఛానెలే. ఆమె తనకిష్టమైనది చూడాలని హిందూపురంలో సామాన్లు కొని, ఆదివారాలన్నీ తగలేసి, మైక్రోకంట్రోలర్‌తో ఒక పరికరం చేశాను. వంటింట్లో రిమోట్ నొక్కితే ఆ సంకేతం గోడ దాటి హాల్లోని సెట్‌టాప్ బాక్సుకు చేరుతుంది. రెండు టీవీలకూ బాక్సు ఒకటేనని, వంటింట్లో మారిస్తే హాల్లోనూ మారుతుందని మాత్రం ఇంజనీరునైన నాకు తట్టలేదు.

“యాడికి పోయిందిరా భజన?”

“నీ కోడలు మార్చింది నాయనా. మళ్ళీ పెట్టిస్తా.”

“వద్దబ్బా! ఆ యమ్మికి భజనలిష్టమని ఇన్నాళ్లూ నేను ఓర్చుకుంటాండా.”

“నేనూ మీకోసరమే ఆ భజనలు ఇంటాండా మామా!” వంటింట్లోంచి ఉషారాణి అరిచింది.

నాయన పకపకా నవ్వాడు. “ఇంకా ఆడెందుకమ్మా? ఈడికొచ్చి కూచో.”

ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, మొదటిసారి ఆయన పక్క కుర్చీలో కూర్చుంది.

నా పరికరం ఎలా పనిచేస్తుందో వాళ్ళకు వివరించడానికి టీవీ ముందు నిలబడ్డాను.

“అడ్డం లేయప్పా” అన్నాడు నాయన.

ఉషారాణి కూడా చేత్తో పక్కకు జరగమంది.