దారివ్వని కార్లు

ఎవరు ఎలా నడుపుతారో కార్లు ఒకదానికొకటి చెప్పుకోవడం మొదలయ్యాక, గుణశేఖరానికి విజయవాడలో దారి దొరకడం గగనమైపోయింది. పదేళ్లపాటు ఇండికేటరు వేయకుండా అడ్డంగా దూరిన మనిషని అతని కారే అందరికీ చెప్పేది. ఏడాదిగా అతను మారినా ఆ పేరు పోలేదు.

ఆ ఉదయం కూతురు మేఘనకు రాష్ట్ర కబడ్డీ జట్టు ఎంపిక. తొమ్మిదికల్లా స్టేడియంలో ఉండాలి. మలుపు రాకముందే అతను ఇండికేటరు వేసి, ఎడమ వరసలోకి వెళ్లబోయాడు. అవతలి కార్లు సందు లేకుండా దగ్గరికి జరిగాయి.

అతను అద్దం దించి, "ఒక్కసారి పోనివ్వండి, పిల్లకు పోటీ ఉంది!" అని బతిమాలాడు.

పక్క కారులోని పెద్దాయన జాలిగా చూశాడు. "నా చేతిలో ఏముందండీ? కారే ఒప్పుకోవడం లేదు."

మలుపు దాటిపోయి కారు ఫ్లైఓవరెక్కింది. చుట్టూ తిరిగి వచ్చేసరికి స్టేడియం గేటు మూసేశారు.

"నావల్లేనమ్మా," అన్నాడు గుణశేఖరం తల దించుకుని. "అప్పుడే బుద్ధిగా నడిపి ఉంటే..."

పక్క సీట్లో మేఘన బూట్ల తాళ్లు విప్పుకుంది. తర్వాత, "చిన్నప్పుడు నువ్వలా దూరిపోతుంటే వెనక సీట్లో చప్పట్లు కొట్టింది నేనేగా నాన్నా," అంది.