సున్నా గీత

“ఇకమీదట ఈ డబ్బాలో చెయ్యి పెట్టారంటే నాకు తెలిసిపోతుంది,” అంది శ్రీవిద్య.

దివాకర్ నోట్లో బెల్లం గవ్వ కరకరమంది. ఎలాగూ దొరికిపోయాక నమలడం ఆపి మాత్రం లాభమేముందని, తీరిగ్గా నమిలి మింగాడు.

కిచెన్ కౌంటర్ మీద స్టీలు డబ్బా. దాని కింద బరువు కొలిచే సెన్సార్ బిగించిన చిన్న పలక. పక్కన వేలెడంత సర్క్యూట్. అందులోంచి ఫోన్ చార్జర్‌కి ఒక వైరు, పాత లాప్‌టాప్‌కి ఇంకో వైరు. అమెరికాలో, సన్నీవేల్‌లో పొద్దస్తమానం సర్క్యూట్లు డిజైన్ చేసే భార్య ఉంటే మొగుడికి ఇలాంటి తిప్పలే వస్తాయి. డబ్బాలో ఉన్నవి శ్రీవిద్య వాళ్లమ్మ ధనమ్మగారు రాజమండ్రి నుంచి మోసుకొచ్చిన బెల్లం గవ్వలు, వచ్చే శనివారం తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్ విందుకని దాచినవి. తన ఆఫీసువాళ్ల కోసం శ్రీవిద్య ఒక పొట్లం విడిగా కట్టిపెట్టుకుంది.

“గవ్వలతో కలిపి డబ్బాకి ఇప్పుడున్న బరువునే సున్నాగా పెట్టాను,” అంటూ ఆమె లాప్‌టాప్ చూపించింది. తెర అడుగున ఆకుపచ్చ గీత సాఫీగా సాగుతోంది. “శనివారం దాకా మీరు తినకపోతే మీరు గెలిచినట్టు. తింటే రోజూ పొద్దున్న ఆరింటికి నాతో వాకింగ్. మళ్లీ బ్లడ్ టెస్ట్ చేయించేదాకా.”

“గెలిస్తే నాకేంటి?”

“షుగర్ గురించి ఇంక ఒక్క మాట అనను.”

ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖంలో నవ్వు లేదు. ఇంకొంచెం పెరిగితే టాబ్లెట్లేనని డాక్టర్ చెప్పి వారం కూడా కాలేదు. ఆమెకు నిజంగానే భయంగా ఉంది. దివాకర్‌కు మాత్రం ఆరింటికి లేవడమంటే అంతకన్నా భయం.

“మూత తీసి చూడటాలు ఉండకూడదు. గీత చెప్పిందే తీర్పు,” అన్నాడు.

“సరే. గీత చెప్పిందే తీర్పు.”

సోమవారం పదిన్నరకు ఆఫీసువాళ్ల రోజువారీ స్టాండప్ మీటింగ్ ముగిసింది. ఇంటి నుంచి పనిచేసేవాడి కాళ్లు ఎటు పోతాయో వేరే చెప్పక్కర్లేదు. గుప్పెడు గవ్వలు నోట్లో పడ్డాక గానీ అతనికి సెన్సార్ సంగతి గుర్తురాలేదు. పరుగున వెళ్లి లాప్‌టాప్ చూశాడు. గీత ఏమీ ఎరగనట్టు సున్నా దగ్గరే ఉంది.

వెంటనే స్నేహితుడు చక్రపాణికి ఫోన్ కొట్టాడు. చక్రపాణిది వరంగల్, ఉద్యోగం హార్డ్‌వేర్‌లో. సంగతంతా విని ఒక్కటే అడిగాడు.

“పవర్ ఎట్ల ఇచ్చింది చెల్లె?”

“ఫోన్ చార్జరే.”

“ఒక్కటే సప్లైనా? మైనస్ లేదా? అయితే నీ పంట పండింది మామా!”

“అర్థమయ్యేలా చెప్పరా బాబూ.”

“సెన్సార్ ఇచ్చేది సన్న సిగ్నల్. దాన్ని పెద్దగ చేసే చిప్పు పేరు ఆప్ ఆంప్. ప్లస్సు, మైనస్సు రెండు సప్లైలు ఇస్తే అది పైకీ పోతది, కిందికీ పోతది. ఒక్క ఐదు వోల్టులే ఇస్తే సున్న నుంచి పైకే. కిందికి చూడాల్నంటే సున్నను లేపి నడుమ, రెండున్నర కాడ కూసోబెట్టాలె. చెల్లె మర్చిపోయినట్టుంది.”

“అయితే?”

“బరువు పెరిగితే గీత లేస్తది. తగ్గితే దానికి కండ్లు లేవు. డబ్బా మొత్తం ఖాళీ చేసినా సున్ననే. పైనుంచి చెయ్యి మాత్రం ఒత్తకు.”

దివాకర్‌కు ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు నుంచి డబ్బాను పురిటిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతులతో ఎత్తడం, తినడం, మళ్లీ మెల్లగా పలక మీద దించడం. సోమవారం ఒక గుప్పెడుతో సరిపెట్టుకున్నవాడు మంగళవారం రెండు గుప్పిళ్లు లాగించాడు. శుక్రవారానికి డబ్బా ఎత్తితే లోపల గవ్వలు గలగలమనడం మొదలుపెట్టాయి.

ఒక్కసారి మాత్రం మనసు చివుక్కుమంది. గురువారం సాయంత్రం శ్రీవిద్య ఆఫీసు నుంచి వస్తూనే అతని ముఖంలోకి పరీక్షగా చూసి, “తీపి మానేశాక ఎంత కళగా ఉన్నారండీ!” అంది. దివాకర్ ఆ పొగడ్తను, బుగ్గన దాచిన గవ్వను కలిపి మింగేశాడు.

శనివారం కాఫీలు కాగానే శ్రీవిద్య లాప్‌టాప్ ముందు కూర్చుని వారం మొత్తాన్నీ తెర మీద జరుపుతూ చూసింది. సోమవారం సున్నా. మంగళవారం సున్నా. బుధవారం దగ్గర కాసేపు ఆగింది. అక్కడా సున్నానే. శనివారం దాకా గీత బల్లపరుపుగా ఉంది.

“చూశావా?” దివాకర్ లేచి నిలబడ్డాడు. “ఎక్కడైనా చీమంత ఎత్తు లేచిందా?”

“లేదండీ. అస్సలు లేవలేదు.”

“మరి? గీత చెప్పిందే తీర్పు!”

“అవును, తీర్పే,” అంటూ ఆమె కౌంటర్ కింద నుంచి ఒక అట్టపెట్టె తీసి అతని చేతిలో పెట్టింది.

గెలిచినందుకు బహుమతి కూడా ఉందన్నమాట! దివాకర్ మురిసిపోతూ మూత తీశాడు. లోపల కొత్త వాకింగ్ షూస్, సరిగ్గా అతని సైజువే.

“ఇవెందుకు?”

“సున్నాని లేపడం మర్చిపోయానని నాకు మంగళవారమే తట్టింది,” అంది శ్రీవిద్య, లేసులు వదులు చేస్తూ. “అందుకే బుధవారం పొద్దున్నే నా పొట్లంలోంచి రెండు గుప్పిళ్ల గవ్వలు, లోపలికి చూడకుండానే, ఆ డబ్బాలో పోశాను. మీరు తినకపోతే గీత పైకి లేవాలి కదండీ, ఎందుకు లేవలేదు?”